డి.డబ్ల్యూ.గ్రిఫిత్

డి.డబ్ల్యూ.గ్రిఫిత్‌గా ప్రసిద్ధి చెందిన డేవిడ్ వార్క్ గ్రిఫిత్ (జనవరి 22, 1875 - జూలై 23, 1948) అమెరికాకు చెందిన చలనచిత్ర దర్శకుడు, నిర్మాత. మూకీల కాలంలో తెరపై కథ చెప్పే పద్ధతికి ఒక క్రమాన్ని ఏర్పరచినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. 1908 నుండి 1931 వరకు దాదాపు ఐదు వందల చిత్రాలకు దర్శకత్వం వహించాడు. వీటిలో అధికభాగం ఒకటి రెండు రీళ్ళ చిన్న చిత్రాలు. 1915లో ఇతడు తీసిన "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" అప్పటివరకు ఏ చిత్రానికీ రానంత ఆదాయాన్ని, ఏ చిత్రానికీ ఎదురుకానంత నిరసనను తెచ్చిపెట్టింది. ఆ చిత్రం నల్లజాతీయులను హీనంగా చిత్రించి, వారిపై హింసకు పాల్పడిన కు క్లక్స్ క్లాన్ సంస్థను వీరుల దండుగా కీర్తించింది. సినిమా కళను ఒక మెట్టు పైకి చేర్చిన చిత్రమూ, జాతి విద్వేషాన్ని ప్రజలలోకి బలంగా తీసుకువెళ్ళిన చిత్రమూ ఒకటే కావడం వలన గ్రిఫిత్ స్థానం గురించిన చర్చ నూరేళ్ళు దాటినా ముగియలేదు.

బాల్యం, కుటుంబ నేపథ్యం

గ్రిఫిత్ 1875 జనవరి 22న కెంటకీ రాష్ట్రంలోని ఓల్డ్‌హామ్ కౌంటీలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జేకబ్ గ్రిఫిత్, తల్లి మేరీ. కుటుంబం మెథడిస్టు క్రైస్తవ శాఖకు చెందినది. అమెరికా అంతర్యుద్ధం (1861-1865)లో జేకబ్ దక్షిణాది రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరేట్ పక్షాన కల్నల్ హోదాలో పోరాడాడు. కెంటకీ శాసనసభ సభ్యునిగా కూడా పనిచేసాడు. కెంటకీ అధికారికంగా ఉత్తరాది పక్షానే నిలిచినప్పటికీ అక్కడ బానిసత్వం అమలులో ఉండేది. దక్షిణాది సైన్యంలో చేరినవారూ అక్కడ అనేకులు ఉండేవారు.

యుద్ధంలో దక్షిణాది ఓడిపోయింది. బానిసత్వం రద్దయింది. ఓడిన పక్షానికి చెందిన కుటుంబాలలో పూర్వవైభవం గురించి, సైనికుల సాహసాల గురించి కథలు చెప్పుకోవడం పరిపాటిగా ఉండేది. గ్రిఫిత్ బాల్యం ఇటువంటి కథల మధ్యనే గడిచింది. ఆ కథలలో దక్షిణాది శ్వేతజాతీయులు అన్యాయానికి గురైనవారు. నల్లజాతీయుల బాధలకు వాటిలో చోటు లేదు. బాల్యంలో విన్న ఈ కథలను గ్రిఫిత్ జీవితాంతం చరిత్రగానే నమ్మాడు.

1885లో, గ్రిఫిత్‌కు పదేళ్ళ వయసులో, తండ్రి మరణించాడు. కుటుంబం పేదరికంలో పడింది. అక్క మ్యాటీ ఉపాధ్యాయురాలు. ఇతనికి తొలి చదువు ఆమె వద్దనే లభించింది. గ్రిఫిత్‌కు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి తల్లి వ్యవసాయం వదలి లూయీవిల్ నగరానికి వచ్చి, బాడుగవారికి భోజన వసతి కల్పించే గృహాన్ని నడిపింది. అది కూడా నిలదొక్కుకోలేదు. కుటుంబాన్ని ఆదుకోవడానికి గ్రిఫిత్ ఉన్నత పాఠశాల చదువు మానివేసి బట్టల దుకాణంలోనూ, తరువాత పుస్తకాల దుకాణంలోనూ పనిచేసాడు.

నాటకరంగం నుండి సినిమాకు

గ్రిఫిత్‌కు నాటక రచయిత కావాలన్న కోరిక బలంగా ఉండేది. ఊరూరా తిరిగే నాటక సమాజాలలో చిన్న చిన్న వేషాలు వేస్తూ అనేక సంవత్సరాలు గడిపాడు. 1906లో సహనటి లిండా ఆర్విడ్‌సన్‌ను వివాహమాడాడు. 1907లో ఇతడు రాసిన "ఎ ఫూల్ అండ్ ఎ గర్ల్" నాటకం వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాలలో ప్రదర్శించబడింది కానీ ఆదరణ పొందలేదు.

ఆ రోజులలో నాటకరంగంలోనివారు సినిమాను చిన్నచూపు చూసేవారు. గ్రిఫిత్ కూడా డబ్బు అవసరం కొద్దీ ఇటు వచ్చినవాడే. కథ ఒకటి పట్టుకుని న్యూయార్క్‌లోని ఎడిసన్ సంస్థకు వెళ్ళాడు. అక్కడి దర్శకుడు ఎడ్విన్ ఎస్. పోర్టర్ ఆ కథను తీసుకోలేదు కానీ "రెస్క్యూడ్ ఫ్రమ్ ఎన్ ఈగిల్స్ నెస్ట్" (1908) అనే చిత్రంలో వేషం ఇచ్చాడు. గద్ద ఎత్తుకుపోయిన శిశువును రక్షించే తండ్రి పాత్ర అది. ఆ తరువాత గ్రిఫిత్ న్యూయార్క్‌లోనే ఉన్న బయోగ్రాఫ్ సంస్థలో నటునిగా చేరాడు.

బయోగ్రాఫ్ సంస్థలో (1908-1913)

బయోగ్రాఫ్ సంస్థ ప్రధాన దర్శకుడు అనారోగ్యం పాలవడంతో గ్రిఫిత్‌కు దర్శకత్వం చేసే అవకాశం లభించింది. ఇతని తొలి చిత్రం "ది అడ్వెంచర్స్ ఆఫ్ డాలీ" 1908 జూలైలో విడుదలైంది. అప్పటి నుండి ఐదేళ్ళలో ఆ సంస్థకు నాలుగు వందల యాభైకి పైగా చిన్న చిత్రాలు తీసాడు. ఒక రీలు చిత్రం నిడివి పది నుండి పదిహేను నిమిషాలు. వారానికి రెండు మూడు చిత్రాలు తయారు కావలసి వచ్చేది. ఈ వేగమే గ్రిఫిత్‌కు పాఠశాల అయింది. ఒక చిత్రంలో ప్రయత్నించి చూసిన పద్ధతిని మరుసటి వారమే మరొక చిత్రంలో మెరుగుపరచే వీలు కలిగింది. ఈ ప్రయోగాలలో ఛాయాగ్రాహకుడు బిల్లీ బిట్జర్ ఇతనికి కుడిభుజంగా ఉన్నాడు.

నటీనటులను ఎంపిక చేసి తీర్చిదిద్దడంలో గ్రిఫిత్‌కు మంచి నేర్పు ఉండేది. మేరీ పిక్‌ఫోర్డ్, లిలియన్ గిష్, డొరొతీ గిష్, మే మార్ష్, బ్లాంచ్ స్వీట్, లయొనెల్ బారిమోర్ వంటివారు ఇతని చిత్రాల ద్వారా వెలుగులోకి వచ్చారు. రంగస్థలంపై వలె చేతులు ఊపుతూ బిగ్గరగా చేసే అభినయానికి బదులు, కళ్ళతోను, ముఖ కవళికలతోను మితంగా నటించడాన్ని ఇతడు ప్రోత్సహించాడు. 1910లో బృందంతో సహా కాలిఫోర్నియా వెళ్ళి తీసిన "ఇన్ ఓల్డ్ కాలిఫోర్నియా"ను హాలీవుడ్‌లో చిత్రీకరించిన తొలి చిత్రంగా పేర్కొంటారు. అప్పటికి హాలీవుడ్ ఒక చిన్న ఊరు మాత్రమే.

కథన రీతిలో మార్పులు

తొలినాటి సినిమాలలో కెమెరాను దూరంగా ఒకచోట నిలిపి, దృశ్యాన్నంతటినీ ఒకే షాటులో తీసేవారు. ప్రేక్షకుడు నాటకశాలలో కూర్చుని చూస్తున్నట్లే ఉండేది. గ్రిఫిత్ దృశ్యాన్ని చిన్న చిన్న షాట్లుగా విభజించాడు. ప్రదేశాన్ని చూపడానికి దూరపు షాటు, సంఘటనను చూపడానికి మధ్యరకం షాటు, పాత్ర మనసులోని భావాన్ని చూపడానికి క్లోజప్ వాడాడు.

ఇతనికి అన్నిటికంటె పేరు తెచ్చినది సమాంతర కూర్పు. వేర్వేరు చోట్ల ఒకే సమయంలో జరిగే సంఘటనలను మార్చి మార్చి చూపడమే ఈ పద్ధతి. "ది లోన్లీ విల్లా" (1909) ఇందుకు మంచి ఉదాహరణ. ఊరికి దూరంగా ఉన్న ఇంట్లోకి దొంగలు చొరబడుతుంటారు. లోపల తల్లీపిల్లలు తలుపులు మూసుకుని ఉంటారు. టెలిఫోనులో విషయం తెలుసుకున్న భర్త ఇంటికి పరుగున వస్తుంటాడు. ఈ మూడు చోట్లనూ ఒకదాని తరువాత ఒకటిగా చూపుతూ, ముగింపు దగ్గరపడే కొద్దీ షాట్ల నిడివిని తగ్గించడంతో ప్రేక్షకులలో ఉత్కంఠ పెరిగింది. ఎవరు ఆపదలో ఉన్నారు, ఎవరు రక్షించడానికి వస్తున్నారు అన్నది నిర్ణయించేది దర్శకుడే. ప్రేక్షకుడు తెలియకుండానే రక్షకుని పక్షం వహిస్తాడు. ఈ పద్ధతికి ఉన్న బలమూ, ప్రమాదమూ ఇక్కడే ఉన్నాయి.

"ఎ కార్నర్ ఇన్ వీట్" (1909)లో ఇదే పద్ధతిని ఉత్కంఠకు కాక ఆలోచన రేకెత్తించడానికి వాడాడు. గోధుమలను గుత్తకు పట్టి కోటీశ్వరుడైన వ్యాపారి ఇంటి విందును, ధర పెరిగి రొట్టె కొనలేని పేదల బారును పక్కపక్కనే చూపాడు.

క్లోజప్‌ను, సమాంతర కూర్పును గ్రిఫిత్ కనిపెట్టాడని చాలాకాలం ప్రచారంలో ఉండేది. 1913 డిసెంబరులో ఒక నాటకరంగ పత్రికలో ఇతడు ఇచ్చుకున్న ప్రకటన ఇందుకు ముఖ్యకారణం. కానీ ఇంగ్లండుకు చెందిన జార్జి ఆల్బర్ట్ స్మిత్ 1900 నాటికే క్లోజప్‌లు వాడాడు. ఫ్రాన్సులోని పాథే సంస్థ చిత్రాలలో సమాంతర కూర్పు గ్రిఫిత్ కంటె ముందే కనిపిస్తుంది. చెల్లాచెదురుగా ఉన్న ఈ ఉపాయాలను ఒకచోట చేర్చి, కథకు, భావోద్వేగానికి నిలకడగా ఉపయోగపడేటట్లు చేయడమే గ్రిఫిత్ ఘనత అని నేటి చరిత్రకారులు భావిస్తారు.

పొడవైన చిత్రాలు తీయాలన్న ఇతని కోరికకు బయోగ్రాఫ్ యాజమాన్యం సుముఖంగా లేదు. నాలుగు రీళ్ళ "జూడిత్ ఆఫ్ బెథూలియా" తీసిన తరువాత 1913లో గ్రిఫిత్ సంస్థను విడిచిపెట్టాడు. బిట్జర్‌తో పాటు పలువురు నటీనటులు ఇతని వెంట వచ్చారు.

ది బర్త్ ఆఫ్ ఎ నేషన్ (1915)

కథ, నిర్మాణం

థామస్ డిక్సన్ అనే రచయిత 1905లో ప్రచురించిన "ది క్లాన్స్‌మన్" నవల, దానిపై ఆధారపడిన నాటకం ఈ చిత్రానికి మూలం. చిత్రీకరణ 1914లో జరిగింది. నిర్మాణ వ్యయం సుమారు లక్ష డాలర్లు. ఆ కాలానికి అది చాలా పెద్ద మొత్తం. చిత్రం నిడివి దాదాపు మూడు గంటలు. 1915 ఫిబ్రవరి 8న లాస్ ఏంజెలెస్‌లో "ది క్లాన్స్‌మన్" పేరుతోను, మార్చి 3న న్యూయార్క్‌లోని లిబర్టీ థియేటరులో కొత్త పేరుతోను విడుదలైంది. ఐదు సెంట్లకు సినిమా చూడగలిగే రోజులలో దీనికి రెండు డాలర్ల వరకు టిక్కెట్టు పెట్టారు. ప్రదర్శనకు వాద్యబృందం తోడుగా ఉండేది.

చిత్రంలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటి భాగం అంతర్యుద్ధానికి, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ హత్యకు సంబంధించినది. ఉత్తరాదికి చెందిన స్టోన్‌మన్ కుటుంబం, దక్షిణాదికి చెందిన కామెరాన్ కుటుంబం మధ్య స్నేహం యుద్ధంతో చెదిరిపోతుంది. యుద్ధ దృశ్యాల విస్తృతి, ఓడిన సైనికుడు ఇల్లు చేరే దృశ్యంలోని సున్నితత్వం నేటికీ ప్రశంసలు అందుకుంటున్నాయి. రెండవ భాగం యుద్ధానంతర పునర్నిర్మాణ కాలానికి (1865-1877) చెందినది. ఇందులో స్వేచ్ఛ, ఓటు హక్కు పొందిన నల్లజాతీయులను అజ్ఞానులుగా, శ్వేతజాతి స్త్రీలపై కన్నేసినవారిగా చూపారు. ప్రధానమైన నల్లజాతి పాత్రలను ముఖానికి నల్లరంగు పూసుకున్న శ్వేతజాతి నటులే పోషించారు. ఒక నల్లజాతి సైనికుడు వెంటాడగా కామెరాన్ కుటుంబంలోని చిన్న కుమార్తె కొండపై నుండి దూకి మరణిస్తుంది. అతనిని క్లాన్ సభ్యులు చంపివేస్తారు. చివరకు ఆపదలో ఉన్న శ్వేతజాతీయులను రక్షించడానికి తెల్లని ముసుగులు ధరించిన క్లాన్ దళం గుర్రాలపై దూసుకువస్తుంది. "ది లోన్లీ విల్లా"లో భర్త ఇంటికి పరుగెత్తి వచ్చినప్పటి కూర్పు విధానమే ఇక్కడ పెద్ద ఎత్తున వాడబడింది. ఆ తరువాతి ఎన్నికలలో క్లాన్ సభ్యులు ఆయుధాలతో నిలబడి నల్లజాతీయులను ఓటు వేయకుండా అడ్డగించడం శుభం కలిగించే విషయంగా చూపబడింది.

చరిత్రతో విభేదం

క్లాన్ యుద్ధం ముగిసిన వెంటనే టెనెసీ రాష్ట్రంలో పుట్టింది. నల్లజాతీయులను, వారికి మద్దతునిచ్చిన శ్వేతజాతీయులను కొట్టి, చంపి, వారిని ఓటుకు దూరం చేయడం దాని పని. దీనిని అణచివేయడానికి 1870-71లో అమెరికా ప్రభుత్వం ప్రత్యేక చట్టాలు చేసింది. చిత్రం ఈ వాస్తవాన్ని తలక్రిందులు చేసి, దాడి చేసినవారిని రక్షకులుగాను, దాడికి గురైనవారిని దుర్మార్గులుగాను చూపింది. పునర్నిర్మాణ కాలాన్ని నల్లజాతీయుల అరాచకంగా వర్ణించే చరిత్ర గ్రంథాలు ఆనాటి విశ్వవిద్యాలయాలలో గౌరవం పొందుతూ ఉండేవి. అప్పటి అమెరికా అధ్యక్షుడు, పూర్వం చరిత్ర ఆచార్యుడు అయిన ఉడ్రో విల్సన్ రచన నుండి తీసుకున్న వాక్యాలు చిత్రంలో చూపబడ్డాయి. విల్సన్‌కు డిక్సన్ పాత పరిచయస్తుడు. 1915 ఫిబ్రవరి 18న అధ్యక్ష భవనంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. చిత్రాన్ని మెచ్చుకుంటూ విల్సన్ అన్నట్లుగా ప్రచారంలో ఉన్న వాక్యానికి ఆ కాలపు ఆధారం లేదు. అయినప్పటికీ అధ్యక్ష భవనంలో ప్రదర్శన జరగడం చిత్రానికి గొప్ప ప్రచారమైంది.

ఈ రకమైన చరిత్ర రచనను ఖండిస్తూ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి.డుబోయిస్ 1935లో పునర్నిర్మాణ కాలంపై ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. 20వ శతాబ్దం ద్వితీయార్ధానికి చరిత్రకారులలో అధికులు ఆయన మార్గానికే వచ్చారు.

నిరసనలు

1909లో స్థాపించబడిన నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. ఈ చిత్రాన్ని నిలిపివేయాలని లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, బోస్టన్ తదితర నగరాలలో పోరాడింది. 1915 ఏప్రిల్‌లో బోస్టన్‌లోని ట్రెమాంట్ థియేటరు వద్ద నిరసనకు నాయకత్వం వహించిన పత్రికా సంపాదకుడు విలియం మన్రో ట్రాటర్ అరెస్టయ్యాడు. కొన్నిచోట్ల కొన్ని దృశ్యాలను తొలగించారు. ఒహాయో, కాన్సాస్ రాష్ట్రాలు ప్రదర్శనను నిషేధించాయి. చాలా నగరాలలో మాత్రం చిత్రం నెలల తరబడి ఆడింది.

నిషేధం కోరడం భావ ప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని గ్రిఫిత్ వాదించాడు. 1916లో ఈ విషయంపై ఒక చిన్న పుస్తకం కూడా ప్రచురించాడు. అయితే సినిమాకు ఆనాడు చట్టపరంగా అటువంటి రక్షణ లేదు. చలనచిత్ర ప్రదర్శన కేవలం వ్యాపారమేనని 1915 ఫిబ్రవరిలోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు 1952 వరకు చెల్లుబాటైంది. నిరసనకారుల వాదన వేరు. ఏటా పదుల సంఖ్యలో నల్లజాతీయులు మూకల చేతిలో హతమవుతున్న దేశంలో, అటువంటి హత్యను న్యాయంగా చూపే చిత్రం ప్రాణాలకు ముప్పు తెస్తుందని వారు ఆందోళన చెందారు.

పర్యవసానాలు

నిరసనకారుల భయం నిజమైంది. 1915 నవంబరులో విలియం సిమన్స్ అనే వ్యక్తి జార్జియా రాష్ట్రంలోని స్టోన్ మౌంటెన్‌పై క్లాన్‌ను పునఃస్థాపించాడు. మరుసటి నెలలో అట్లాంటాలో విడుదలైన ఈ చిత్రం ఆ సంస్థ ప్రచారానికి ఉపయోగపడింది. 1920ల మధ్య నాటికి క్లాన్ సభ్యుల సంఖ్య లక్షలలోకి చేరింది. శిలువను తగలబెట్టే ఆచారం కూడా డిక్సన్ నవల నుండి, ఈ చిత్రం నుండి కొత్త క్లాన్‌కు సంక్రమించినదే. తొలి క్లాన్‌లో అది లేదు. చిత్రం ప్రదర్శించబడిన కౌంటీలలో మూకహత్యలు, జాతి అల్లర్లు పెరిగాయని, తరువాతి సంవత్సరాలలో క్లాన్ శాఖలు ఏర్పడే అవకాశం కూడా అక్కడ ఎక్కువగా ఉందని ఆర్థికవేత్త డెస్మండ్ ఆంగ్ 2023లో ప్రచురించిన పరిశోధన తెలియజేసింది.

నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లో తీసిన "వితిన్ అవర్ గేట్స్" చిత్రాన్ని గ్రిఫిత్ చిత్రానికి సమాధానంగా పరిగణిస్తారు. శ్వేతజాతి మూకల దౌర్జన్యాన్ని అది బాధితుల పక్షాన నిలిచి చూపింది.

ఇన్‌టాలరెన్స్ (1916)

తనపై వచ్చిన విమర్శలకు గ్రిఫిత్ చాలా నొచ్చుకున్నాడు. తాను నల్లజాతీయులకు శత్రువును కానని చెప్పుకున్నాడే కానీ, చిత్రంలో తప్పు ఉందని అంగీకరించలేదు. "అసహనం" అని అర్థం వచ్చే "ఇన్‌టాలరెన్స్" చిత్రాన్ని కొందరు ప్రాయశ్చిత్తంగా భావిస్తారు. కానీ తన చిత్రాన్ని ఆపజూసినవారే అసహనపరులన్నది గ్రిఫిత్ అభిప్రాయం.

1916 సెప్టెంబరు 5న న్యూయార్క్‌లో విడుదలైన ఈ చిత్రంలో నాలుగు కాలాలకు చెందిన నాలుగు కథలు ఉన్నాయి. క్రీ.పూ.539లో బాబిలోన్ పతనం, ఏసుక్రీస్తు శిలువ వేయబడడం, 1572లో ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్ల ఊచకోత, సమకాలీన అమెరికాలో ఉరిశిక్ష పడిన ఒక నిరపరాధి కథ. ఈ కథలను ఒకదాని తరువాత ఒకటిగా చెప్పక, నాలుగింటినీ కలగలిపి నడిపాడు. ఊయల ఊపే తల్లిగా లిలియన్ గిష్ కనిపించే దృశ్యం వీటిని కలిపే దారం వంటిది. చివరికి వచ్చేసరికి వేర్వేరు శతాబ్దాల సంఘటనలు వేగంగా ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. సమాంతర కూర్పును ఇంత దూరం తీసుకువెళ్ళిన చిత్రం అంతకు ముందు లేదు.

బాబిలోన్ కథ కోసం హాలీవుడ్‌లో సన్‌సెట్ బులవార్డ్ పక్కన ఏనుగుల విగ్రహాలతో, ఎత్తైన కోటగోడలతో భారీ సెట్టింగు నిర్మించారు. ఇంత వ్యయానికి తగిన ఆదాయం మాత్రం రాలేదు. నాలుగు కథల అల్లిక చాలామంది ప్రేక్షకులకు కొరుకుడు పడలేదు. పైగా 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించడంతో, శాంతిని బోధించే చిత్రానికి కాలం అనుకూలించలేదు. గ్రిఫిత్ తన సొంత సొమ్మును ఇందులో పెట్టి, చాలాకాలం అప్పులతో సతమతమయ్యాడు. 1919లో ఇందులోని రెండు కథలను విడివిడి చిత్రాలుగా విడుదల చేయవలసి వచ్చింది.

యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్థాపన

1917లో గ్రిఫిత్ ఐరోపా వెళ్ళి యుద్ధభూమిని సందర్శించాడు. ఆ అనుభవంతో తీసిన "హార్ట్స్ ఆఫ్ ది వరల్డ్" 1918లో విడుదలై విజయవంతమైంది. 1919 ఫిబ్రవరిలో చార్లీ చాప్లిన్, మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించాడు. కళాకారులు తమ చిత్రాలను తామే పంపిణీ చేసుకుని, పెద్ద స్టూడియోల పెత్తనం నుండి బయటపడడం ఈ సంస్థ ఉద్దేశం.

అదే సంవత్సరం విడుదలైన "బ్రోకెన్ బ్లాసమ్స్" గ్రిఫిత్ చిత్రాలలో సున్నితమైనదిగా పేరుపొందింది. లండన్ మురికివాడలో తండ్రి చేతిలో దెబ్బలు తినే బాలికకు, ఆమెను ఆదరించిన చైనా యువకునికి మధ్య ఉన్న అనురాగం ఇందులో కథావస్తువు. వేరొక జాతి వ్యక్తిని సానుభూతితో చూపినప్పటికీ, ఆ పాత్రను కూడా శ్వేతజాతి నటుడైన రిచర్డ్ బార్తెల్మెస్ చేతనే చేయించాడు.

తరువాత న్యూయార్క్ సమీపంలోని మమరోనెక్‌లో సొంత స్టూడియో నెలకొల్పాడు. ఒక పాత నాటకం హక్కులను 1,75,000 డాలర్లకు కొని తీసిన "వే డౌన్ ఈస్ట్" (1920) ఘనవిజయం సాధించింది. నదిపై తేలిపోతున్న మంచు పలకపై స్పృహ తప్పిన నాయికను నాయకుడు జలపాతం అంచున రక్షించే ఘట్టం ఇందులో ప్రసిద్ధమైనది. లిలియన్ గిష్ గడ్డకట్టే నీటిలో చేయి, జుట్టు ఉంచి ఈ దృశ్యాలలో నటించింది. 1921లో ఫ్రెంచి విప్లవం నేపథ్యంగా వచ్చిన "ఆర్ఫన్స్ ఆఫ్ ది స్టార్మ్" గిష్ సోదరీమణులతో ఇతడు తీసిన చివరి చిత్రం.

పతనం

గ్రిఫిత్ పతనానికి "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్"పై వచ్చిన నిరసన కారణం కాదు. ఆ చిత్రం ఇతనికి ధనాన్ని, కీర్తిని ఇచ్చింది. 1930లో శబ్దం జోడించి దానిని మళ్ళీ విడుదల చేసారు కూడా. పతనానికి కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది ఆర్థికం. సొంత స్టూడియో నిర్వహణ, భారీ చిత్రాల వ్యయం ఇతనికి మోయలేని బరువయ్యాయి. అమెరికా స్వాతంత్ర్య పోరాటంపై తీసిన "అమెరికా" (1924) నష్టం తెచ్చింది. యుద్ధానంతర జర్మనీలో ఆకలి బాధను చిత్రించిన "ఈజ్ంట్ లైఫ్ వండర్‌ఫుల్" (1924) విమర్శకుల మెప్పు పొందినా ఆదాయం తేలేదు. చివరకు స్టూడియోను వదులుకుని, పారమౌంట్ సంస్థలో జీతానికి కుదిరి, వారు నిర్ణయించిన కథలకు దర్శకత్వం వహించవలసి వచ్చింది. స్టూడియోల పెత్తనాన్ని ఎదిరించడానికి సంస్థ స్థాపించినవాడు చివరకు ఆ స్టూడియోలలోనే ఉద్యోగి అయ్యాడు.

రెండవది ప్రేక్షకుల అభిరుచి. 1920ల నగర యువత జాజ్ సంగీతానికి, స్వేచ్ఛాజీవనానికి అలవాటు పడుతున్నది. గ్రిఫిత్ చిత్రాలలోని అమాయక నాయికలు, నీతిబోధలు వారికి పాతబడినట్లు తోచాయి. మూడవది, ఇతడు నేర్పిన విద్య అందరిదీ అయిపోయింది. ఇతని చిత్రాలను చూసి నేర్చుకున్న కొత్త దర్శకులు ఇతని కంటె ముందుకు వెళ్ళారు. వీటికి తోడు మద్యపాన వ్యసనం ఇతడిని కుంగదీసింది.

ఇతని తొలి పూర్తి టాకీ "అబ్రహాం లింకన్" (1930). వాల్టర్ హస్టన్ ఇందులో లింకన్ పాత్ర ధరించాడు. ఒక తాగుబోతు కుటుంబ కథతో తీసిన "ది స్ట్రగుల్" (1931) పూర్తిగా విఫలమై కొద్దిరోజులకే తెరమరుగైంది. అప్పటికి గ్రిఫిత్ వయసు 56 సంవత్సరాలు. ఆ తరువాత మరణించేవరకు మరొక చిత్రానికి దర్శకత్వం వహించే అవకాశం ఇతనికి రాలేదు.

చివరి సంవత్సరాలు

1936లో అకాడమీ సంస్థ గ్రిఫిత్‌కు గౌరవ ఆస్కార్ బహూకరించింది. అదే సంవత్సరం మొదటి భార్యతో విడాకులు పొంది ఎవెలిన్ బాల్డ్విన్‌ను వివాహమాడాడు. ఈ వివాహం కూడా 1947లో రద్దయింది. 1930ల చివరలో తన చిత్రాలను, పత్రాలను న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియానికి అప్పగించడం వలన అవి పరిశోధకులకు దక్కాయి.

చివరి రోజులలో గ్రిఫిత్ హాలీవుడ్‌లోని నికర్‌బాకర్ హోటలులో ఒంటరిగా నివసించాడు. 1948 జూలై 23న హోటలు ముంగిట స్పృహ తప్పిపోగా ఆస్పత్రికి తరలించారు. మెదడులో రక్తస్రావం వలన అదే రోజు మరణించాడు. అప్పటికి ఇతని వయసు 73 సంవత్సరాలు. భౌతికకాయాన్ని కెంటకీకి తీసుకువెళ్ళి, స్వస్థలంలోని మౌంట్ టేబర్ చర్చి శ్మశానంలో ఖననం చేసారు.

ప్రభావం

గ్రిఫిత్ ప్రభావం అమెరికాకే పరిమితం కాలేదు. "ఇన్‌టాలరెన్స్" సోవియట్ రష్యాకు చేరినప్పుడు అక్కడి యువ దర్శకులు దానిని శ్రద్ధగా అధ్యయనం చేసారు. రసాయన శాస్త్రం చదివిన పుడోవ్‌కిన్ ఈ చిత్రం చూసిన తరువాతనే సినిమా వైపు మళ్ళాడు. సెర్గీ ఐసెన్‌స్టీన్ గ్రిఫిత్ కూర్పు పద్ధతికి, ఆంగ్ల నవలాకారుడు ఛార్లెస్ డికెన్స్ కథనానికి గల సంబంధాన్ని వివరిస్తూ 1944లో ప్రసిద్ధమైన వ్యాసం రాసాడు. గ్రిఫిత్‌కు తాము ఋణపడి ఉన్నామని చెబుతూనే, ధనిక-పేద భేదాన్ని పక్కపక్కన చూపడమే కానీ దాని మూలంలోకి అతడు వెళ్ళలేదని అందులో విమర్శించాడు.

మరణానంతర గౌరవాలు, పునఃపరిశీలన

అమెరికా దర్శకుల సంఘం 1953లో తన అత్యున్నత పురస్కారానికి గ్రిఫిత్ పేరు పెట్టింది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, అకిరా కురొసావా, స్టాన్లీ కుబ్రిక్ వంటివారు దీనిని అందుకున్నారు. 1975లో అమెరికా తపాలా శాఖ గ్రిఫిత్ స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది. జాతీయ చలనచిత్ర భాండాగారంలో భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో "ఇన్‌టాలరెన్స్" 1989లోను, "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" 1992లోను చేరాయి. రెండవ చిత్రాన్ని చేర్చడంపై అభ్యంతరాలు వచ్చాయి.

జాతి వివక్షతో కూడిన మూసపాత్రల వ్యాప్తికి గ్రిఫిత్ కారకుడయ్యాడన్న కారణంతో 1999 డిసెంబరులో దర్శకుల సంఘం పురస్కారం నుండి ఇతని పేరును తొలగించింది. ఈ పునఃపరిశీలన ఇతని సహచరులకు కూడా విస్తరించింది. "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్"లో నటించిన కారణంగా లిలియన్ గిష్, ఆమె సోదరి డొరొతీల పేరిట ఉన్న థియేటరు పేరును ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2019లో మార్చివేసింది. హాలీవుడ్‌లో ఒక వ్యాపార సముదాయంపై బాబిలోన్ సెట్టింగు నమూనాలో నిలిపిన ఏనుగు విగ్రహాలను 2021లో తొలగించారు.

నల్లజాతి దర్శకులు గ్రిఫిత్‌కు సినిమాతోనే జవాబు చెప్పారు. స్పైక్ లీ విద్యార్థిగా ఉన్నప్పుడే 1980లో "ది ఆన్సర్" అనే లఘుచిత్రంలో ఈ విషయాన్ని చేపట్టాడు. 2018లో తీసిన "బ్లాక్‌క్లాన్స్‌మన్"లో, క్లాన్ సభ్యులు గ్రిఫిత్ చిత్రం చూస్తూ కేరింతలు కొట్టే దృశ్యాన్ని, అదే సమయంలో ఒక వృద్ధుడు తాను కళ్ళారా చూసిన మూకహత్యను యువతకు వివరించే దృశ్యాన్ని మార్చి మార్చి చూపాడు. వాడినది సమాంతర కూర్పే. నేట్ పార్కర్ 2016లో నాట్ టర్నర్ నాయకత్వంలో జరిగిన బానిసల తిరుగుబాటుపై తీసిన చిత్రానికి గ్రిఫిత్ చిత్రం పేరునే పెట్టాడు.

"ది బర్త్ ఆఫ్ ఎ నేషన్"ను నేడు ప్రధానంగా సినిమా, చరిత్ర విద్యార్థులు పాఠ్యాంశంగా చూస్తున్నారు. అందులోని నైపుణ్యాన్ని, అబద్ధాన్ని విడదీసి చూడాలని పూర్వం కొందరు విమర్శకులు సూచించేవారు. ఆ అబద్ధం కోట్లాది ప్రేక్షకులకు నిజంగా తోచడానికి ఆ నైపుణ్యమే కారణం కనుక, రెండింటినీ కలిపే అధ్యయనం చేయాలని నేటి విమర్శకులలో చాలామంది అభిప్రాయపడుతున్నారు.

ముఖ్యమైన చిత్రాలు

ది అడ్వెంచర్స్ ఆఫ్ డాలీ (1908) - తొలి చిత్రం
ది లోన్లీ విల్లా (1909)
ఎ కార్నర్ ఇన్ వీట్ (1909)
ఇన్ ఓల్డ్ కాలిఫోర్నియా (1910)
ది మస్కటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ (1912)
జూడిత్ ఆఫ్ బెథూలియా (1914)
ది బర్త్ ఆఫ్ ఎ నేషన్ (1915)
ఇన్‌టాలరెన్స్ (1916)
హార్ట్స్ ఆఫ్ ది వరల్డ్ (1918)
బ్రోకెన్ బ్లాసమ్స్ (1919)
వే డౌన్ ఈస్ట్ (1920)
ఆర్ఫన్స్ ఆఫ్ ది స్టార్మ్ (1921)
అమెరికా (1924)
ఈజ్ంట్ లైఫ్ వండర్‌ఫుల్ (1924)
అబ్రహాం లింకన్ (1930) - తొలి పూర్తి టాకీ
ది స్ట్రగుల్ (1931) - చివరి చిత్రం